పేపర్ కప్పులో మామిడి రసం

2023 వేసవి. రాష్ట్ర ప్రభుత్వంలో మద్యం నియంత్రణ చూసే ఆఫీసులో లేబుల్ ఎగ్జామినర్‌గా చేరి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఇల్లు అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో, ఆఫీసు అరగంట డ్రైవ్‌లో. నా పని ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. బీరు, వైను, వాటి చుట్టాలూ పక్కాలూ మా రాష్ట్రంలో అమ్మాలంటే ముందు వాటి లేబుల్ మా టేబుల్ మీదికి రావాలి. పేరు, ఆల్కహాల్ శాతం, గర్భిణులకు హెచ్చరిక, అక్షరాల సైజు, బొమ్మలు అన్నీ చూసి మేం సరేనంటే సరుకు షాపుకు వెళ్తుంది. కాదంటే వెనక్కి వెళ్తుంది. దీన్నే లేబుల్ అప్రూవల్ అంటారు.

నేను మాత్రం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక్క చుక్క ముట్టలేదు. మా నాన్న గుంటూరు దగ్గర ఒక చిన్న చర్చిలో బోధకుడు. ఇంటికి దగ్గు మందు తెచ్చినా సీసా తిప్పి చదివిగానీ మాకు పోసేవాడు కాదు. ఇక్కడి తెలుగు చర్చిలో కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేసేటప్పుడు "సునీతక్కది మందు డిపార్ట్‌మెంట్" అని ఎవరో ఒకరు ఆట పట్టిస్తారు. పాస్టర్ గారు మాత్రం "స్టేట్ గవర్నమెంట్" అని ఊరుకుంటారు. నేనూ నవ్వేసి ఊరుకుంటాను.

ఆ రోజుల్లో మా టేబుళ్ళ మీద ఒక రకం సరుకు బాగా ఎక్కువైంది. దాన్ని ఫ్లేవర్డ్ మాల్ట్ బెవరేజ్ అంటారు. బీరుకు చేసినట్టే మాల్ట్ పులియబెట్టి, అందులోంచి బీరు రుచీ వాసనా చాలావరకు తీసేసి, పళ్ళ రుచులూ చక్కెరా గ్యాసూ కలుపుతారు. తాగితే కూల్‌డ్రింక్ తాగినట్టే ఉంటుందని మా ఆఫీసులో అలవాటున్నవాళ్ళు చెప్పేవారు. చూడటానికీ అలాగే ఉండేవి. సన్నటి డబ్బా, మిఠాయి రంగులు, నిగనిగలాడే పండు బొమ్మ. పిల్లలను ఆకర్షించే బొమ్మలు ఉండకూడదని మా రూల్‌లో ఉంది. కార్టూన్ కుందేలును వేస్తే ఆపగలం. మామిడిపండును వేస్తే ఎలా ఆపుతాం? మామిడిపండు పెద్దవాళ్ళు తినరా అని కంపెనీ లాయర్లు అడుగుతారు. వాళ్ళు అడిగేది సబబుగానే ఉంటుంది, వినే నాకే ఒళ్ళు మండిపోతుంది.

ఆ ఏడాది మా ఆఫీసు ఒక కొత్త రూల్ తయారుచేస్తోంది. ఇలాంటి డబ్బాలను కూల్‌డ్రింకుల పక్కనా జ్యూసుల పక్కనా పెట్టి అమ్మకూడదు. విడిగా పెట్టి, వీటిలో ఆల్కహాల్ ఉందని పైన బోర్డు పెట్టాలి. డబ్బా ముందువైపు కూడా ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. ముసాయిదా రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. రూల్ ఖాయమయ్యే ముందు పబ్లిక్ హియరింగ్ పెడతారు. అంటే మామూలు మనుషులెవరైనా వచ్చి కమిషనర్ల ముందు తమ మాట చెప్పుకోవచ్చు. కంపెనీలు ముందుగానే రాసి పంపిన అభ్యంతరం ఒకటే. మా డబ్బా చూసి కూల్‌డ్రింక్ అని పొరబడిన మనిషిని ఒక్కరిని చూపించండి, అన్నారు. మా దగ్గర ఎవరూ లేరు. పొరబడినవాళ్ళు ఉండే ఉంటారు, కానీ అలాంటి సంగతి ఎవరూ వచ్చి చెప్పుకోరు.

ఇక జరిగిన విషయానికి వస్తాను. మా చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. వేసవిలో పిల్లలకు కొన్ని రోజులు బైబిల్ పాఠాలూ పాటలూ ఆటలూ పెట్టి, చివరి ఆదివారం అందరం వండుకొచ్చి కలిసి భోంచేస్తాం. ఆ ఆదివారం నేను ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళాను. ఇప్పుడు చెప్పేదంతా తర్వాత అక్కడున్నవాళ్ళు చెప్పగా విన్నదే.

ఆ భోజనాలకు వంటింటి పెత్తనం కరుణమ్మ ఆంటీది. పాలకొల్లులో స్కూల్లో కుట్లూ అల్లికలూ నేర్పి రిటైరయ్యారు. కూతురు ప్రశాంతి ఇక్కడ ఫార్మా కంపెనీలో పనిచేస్తుంది. ఆ అమ్మాయి కడుపుతో ఉందని తెలియగానే ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చారు. డిసెంబర్‌లో కాన్పు. అప్పటిదాకా ఉండటానికి వీసా గడువు చాలదు కాబట్టి ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశారు. వచ్చిన కొద్దిరోజులకే చర్చి వంటింట్లో ఆవిడ మాటే చెల్లుబాటు అయ్యేది. ఎవరూ అప్పగించలేదు, ఆవిడే తీసుకున్నారు. అందరికీ అది హాయిగానే ఉండేది.

ముందురోజు తల్లీకూతుళ్ళు సూపర్‌మార్కెట్‌కు వెళ్ళారు. ప్రశాంతికి ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఒక పక్కకు వెళ్ళి మాట్లాడుతోంది. ఆంటీ పిల్లల కోసం చల్లటివి ఏమైనా కొందామని కూల్‌డ్రింకుల వరస దగ్గరికి వెళ్ళారు. వరస చివర మామిడిపండు బొమ్మ ఉన్న పెట్టెలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. రెండు తీసి బండిలో పెట్టుకున్నారు. బిల్లింగ్ దగ్గరికి వచ్చేసరికి కూడా ప్రశాంతి ఫోన్‌లోనే ఉంది. అక్కడున్న అమ్మాయి ఆంటీ తెల్లజుట్టు చూసి నవ్వి, వయసు అడగకుండానే ఏదో బటన్ నొక్కి పంపించేసింది. ఇరవై ఒక్కేళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదన్న చట్టం ఆ క్షణాన పూర్తిగా అమలైనట్టే లెక్క.

ఆదివారం భోజనాల దగ్గర డబ్బాలను డబ్బాలుగా పిల్లల చేతికివ్వడం ఆంటీకి నచ్చలేదు. ఇంటికొచ్చినవాళ్ళకు ఏదైనా గ్లాసులో పోసి చేతికివ్వాలి, అదీ ఆవిడ పద్ధతి. పైగా పిల్లలు సగం తాగి సగం పారేస్తారు. అందుకని అన్నీ పెద్ద జగ్గుల్లోకి వంపి, ఐసు వేసి, పేపర్ కప్పుల్లో పోసి, ట్రేలో పెట్టుకుని తనే తిరిగారు. ఖాళీ డబ్బాలు సింకు కింద చెత్తబుట్టలోకి వెళ్ళాయి. మేం గంటలకొద్దీ కూర్చుని సరిచూసిన అక్షరాలన్నీ వాటితోనే వెళ్ళిపోయాయి.

పిల్లలు ఎండలో పరుగుల పందేలు ఆడి వచ్చారు. వాళ్ళలో మా చర్చికి వచ్చే షర్లీ కూతురు హన్నా ఆరేళ్ళది, అందరికంటే చిన్నది. ఆంటీకి ఆ పిల్లంటే ప్రాణం. హన్నా ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"వద్దు అమ్మమ్మా. ఇది టేస్ట్ ఫన్నీ ఉంది."

"ఫన్నీ లేదు గిన్నీ లేదు. మామిడి రసమే తల్లీ. ఎండన పడి వచ్చావు, గటగటా తాగెయ్యి."

ఆ పిల్ల తాగింది. చల్లగా తియ్యగా ఉండేసరికి కాసేపటికి మళ్ళీ అడిగింది. ఆంటీ మళ్ళీ పోశారు. పెద్దవాళ్ళు కూడా తలా కాస్త తాగారు. కొత్త బ్రాండేమో, కొంచెం ఘాటుగా ఉందని ఒకరిద్దరు అన్నారట. అంతకుమించి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

భోజనాలయ్యాక ఇద్దరు ముగ్గురు పిల్లలు వాంతి చేసుకున్నారు. ఎండదెబ్బ అనుకున్నారు. తడిగుడ్డలు వేశారు, మజ్జిగ తాగించారు. మిగతా పిల్లలు తేరుకున్నారు గానీ హన్నా కూర్చోబెడితే ఒరిగిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. షర్లీ ఎత్తుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తింది. అక్కడ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, పాప మద్యం ఏమైనా తాగే అవకాశం ఉందా అని.

"నేను ఆ డాక్టర్ మీద అరిచాను అక్కా," అని షర్లీ తర్వాత చెప్పింది. "మేం చర్చి నుంచి వస్తున్నాం, ఎవరితో ఏం మాట్లాడుతున్నారు మీరు, అన్నాను."

రక్తపరీక్ష వచ్చాక ఇక అరవడానికి ఏమీ మిగల్లేదు. చిన్నపిల్లల ఒంట్లో ఆల్కహాల్ చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. కొంచెం ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు, అంతకంటే ఘోరమూ జరగొచ్చు. గ్లూకోజ్ ఎక్కించి మర్నాటిదాకా హాస్పిటల్‌లోనే ఉంచారు. దేవుడి దయవల్ల హన్నా లేచి కూర్చుంది, ఆకలి అంది.

సంగతి ఫోన్‌లో తెలియగానే ప్రశాంతి చర్చి వంటింట్లోకి వెళ్ళి చెత్తబుట్ట తిరగేసింది. డబ్బా ఫొటో తీసి నాకు పంపింది. "అక్కా, ఇదేంటి?" అని కింద రాసింది. నేను చూడగానే గుర్తుపట్టాను. మా ఆఫీసు అప్రూవ్ చేసిన లేబులే. అప్పట్లో దాన్ని సరిచూసింది నేను కాదు, మా ఆఫీసులోనే ఇంకొకరు. ఉండాల్సినవన్నీ ఉన్నాయి. కింది అంచున, పసుపు మీద వెండి రంగులో, అనుమతించిన సైజులో. ఇందులో మద్యం ఉందని ప్రశాంతికి తిరిగి రాశాను.

హాస్పిటల్‌లో సోషల్ వర్కర్ వచ్చి అందరినీ ప్రశ్నలడిగింది. ఇది పొరపాటేనని రాసుకుని కేసు మూసేసింది. వెళ్తూ వెళ్తూ ప్రశాంతితో ఒక మాట చెప్పింది. ఇలాంటి డబ్బాల మీద రాష్ట్రం ఒక రూల్ ఆలోచిస్తోంది, హియరింగ్ ఉంది, మీ అమ్మగారికి ఇష్టమైతే వెళ్ళి చెప్పవచ్చు, అంది.

చర్చిలో మాత్రం కేసు అంత తొందరగా మూతపడలేదు. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆంటీ తెచ్చిన గిన్నెల మూతలు తియ్యకుండానే ఉండిపోయేవి. షర్లీ ఆవిడ ఉన్న వైపు చూసేది కాదు. ఆంటీ వంటింట్లో అడుగు పెట్టడం మానేశారు. తర్వాతి నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె పంచుకునే ఆరాధన. రొట్టె, ద్రాక్షరసం ఉన్న ట్రే వరసలో చేతులు మారుతూ ఆవిడ దగ్గరికి వచ్చింది. ఆవిడ తనకు అర్హత లేదన్నట్టు, తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించేశారు. ఎప్పుడూ బల్ల తీసుకోకుండా ఉండని మనిషి. పక్కనే కూర్చున్న నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో కూడా తెలియలేదు.

నేను మా బాస్ డయాన్‌కు జరిగిందంతా చెప్పాను. ఆవిడ తలుపు మూసి విన్నది.

"సునీతా, ఆమె నీకు తెలిసిన మనిషి. మీ ఉద్యోగే సాక్షిని తయారుచేసింది అని కంపెనీల లాయర్ అంటాడు. నువ్వు ఈ ఫైల్ నుంచి తప్పుకోవాలి. ఆమెను హియరింగ్‌కి రమ్మని చెప్పకు. వద్దనీ చెప్పకు."

దీన్ని రెక్యూజల్ అంటారు. సొంతవాళ్ళు ఉన్న వ్యవహారంలోంచి ఉద్యోగి పక్కకు జరగడం. డయాన్ చెప్పింది న్యాయమే. కానీ అక్షరం అక్షరం కూర్చుకుని రాసుకున్న ముసాయిదా. కంపెనీలు చూపించమన్న మనిషి ఇన్నాళ్ళకు మా చర్చిలోనే, నా పక్క కుర్చీలోనే కనపడింది. ఆ మనిషితో నేను నోరు విప్పకూడదు.

ఆ శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. హియరింగ్ గురించి మాట్లాడటానికి కాదు, ఆంటీని చూడటానికి. ఆవిడ సోఫాలో పుట్టబోయే బిడ్డకు టోపీ అల్లుతున్నారు. నన్ను చూడగానే సూదులు పక్కన పెట్టారు.

"వందనాలు ఆంటీ."

"వందనాలమ్మా. కూర్చో. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పాలి. ఆ డబ్బాని పాస్ చేసింది నువ్వేనా?"

"నేను కాదు ఆంటీ. కానీ నా దగ్గరికొచ్చినా పాస్ చేసేదాన్నే. రూల్ ప్రకారం ఉండాల్సినవన్నీ ఉన్నాయి."

"అన్నీ ఉన్నాయా?" ఆవిడ నమ్మలేనట్టు చూశారు. "మరి నాకెందుకు కనపళ్ళేదమ్మా? నాకు ఇంగ్లీషు రాదనా? కూడబలుక్కుని చదువుతానే. చదవాలని అనిపించలేదు. కూల్‌డ్రింకుల మధ్యన మామిడిపండు బొమ్మ పెడితే ఎవరు చదువుతారమ్మా?"

ప్రశాంతి కాఫీ తెచ్చి, నిండు నెలల మనిషిలా కాకపోయినా భారంగానే నా పక్కన కూర్చుంది.

"అక్కా, నువ్వైనా అమ్మకి చెప్పు. ఆ హియరింగ్‌కి వెళ్తానంటోంది. అదంతా పబ్లిక్ రికార్డ్. పేరు గూగుల్ చేస్తే వచ్చేస్తుంది. ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. పిల్లలకి మందు పోసిందట అని ఎవరైనా చూసి డినై చేస్తే? డెలివరీకి నాకెవరున్నారు చెప్పు?"

"నేను చెప్పకూడదు ప్రశాంతీ. రమ్మనీ చెప్పకూడదు, వద్దనీ చెప్పకూడదు. నా ఉద్యోగం రూల్ అది."

"అదేంటక్కా? నువ్వు మన మనిషివా, ఆఫీసు మనిషివా?"

నాకు గుచ్చుకుంది. ఆంటీయే కల్పించుకున్నారు.

"దాన్నెందుకే అంటావు? దానికి ఉద్యోగం ఉండాలా వద్దా? సునీతా, ఒకటి చెప్పు. వస్తే నన్ను ఎవరూ బయటికి పొమ్మనరు కదా?"

"ఎవరైనా రావచ్చు ఆంటీ."

"అంతే చాలమ్మా."

ప్రశాంతి కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆంటీ టోపీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు గానీ అల్లలేదు.

"దాని భయం నాకు తెలీదా? నాకూ భయమే. కానీ ఆ పిల్ల వద్దంది సునీతా. వద్దు అమ్మమ్మా అంది. నేనే బతిమాలి పోశాను. ఆ మాట నేను ఎక్కడో ఒకచోట పైకి చెప్పకపోతే నా లోపలే తిరుగుతూ ఉంటది."

సెప్టెంబర్‌లో హియరింగ్ జరిగింది. మా బిల్డింగ్‌లోనే, కింది అంతస్తులో పెద్ద గది. ముందు బల్ల వెనక కమిషనర్లు, ఎదురుగా మాట్లాడేవాళ్ళకు ఒక మైకు. నేను మామూలు జనంతోపాటు ఆఖరి వరసలో కూర్చున్నాను. ఆంటీకి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఫోన్‌లో ఎవరినో ఏర్పాటు చేశారు. ఆ పని నేను చేయకూడదు. ప్రశాంతి తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మొహం ముడుచుకునే ఉంది, కానీ వచ్చింది. కాసేపటికి షర్లీ ఒక్కతే వచ్చి వేరే వైపు కూర్చుంది. మాట్లాడేవాళ్ళలో తన పేరూ ఇచ్చిందని తెలిసింది. కన్నబిడ్డ చావు దాకా వెళ్ళొచ్చిన తల్లి. ఆంటీని అందరి ముందూ నిలదీస్తుందేమో అనుకున్నాను.

ముందు కంపెనీల తరఫు లాయర్ మాట్లాడాడు. మర్యాదస్థుడు. గొంతు పెంచలేదు. తమ సరుకు పెద్దవాళ్ళ కోసమే తయారవుతుందని, పెద్దవాళ్ళకే అమ్ముతున్నారని, లేబుల్ మీద చట్టం అడిగిన ప్రతి మాటా ఉందని చెప్పాడు. జాగ్రత్తగల కుటుంబాల్లో ఇలాంటి పొరపాట్లు జరగవని, ఇంటి బాధ్యతను రూల్‌తో భర్తీ చేయలేమని ముగించాడు. గదిలో కొందరు తలూపారు.

ఆంటీ వంతు వచ్చింది. మైకు దగ్గర నిలబడి రెండు చేతులూ జోడించారు.

"అందరికీ వందనాలండి. నా పేరు కరుణమ్మ. పిల్లలకి మందు పోసింది నేనేనండి."

ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్ ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు. ఆంటీ జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ వెళ్ళారు. షాపులో ఎక్కడ పేర్చి ఉన్నాయో, ఎందుకు తీసుకున్నారో, జగ్గులో ఎలా వంపారో అన్నీ చెప్పారు. ఆ తర్వాత హన్నా వద్దన్న చోటికి వచ్చారు.

"వద్దు అమ్మమ్మా అందండి. నేను వినలేదు. ప్రేమ కొద్దీ పోశాను. మా అమ్మాయి నన్ను రావద్దంది. నాకు సిగ్గుగానే ఉందండి. కానీ నాలాంటి ముసలమ్మ రేపు ఇంకో షాపులో అదే పెట్టె తీసుకుంటది కదండీ."

ఒక కమిషనర్, పెద్దావిడ, నెమ్మదిగా అడిగింది. "కొన్నప్పుడు షాపులో ఎవరైనా మిమ్మల్ని ఆపారా?"

"లేదండి. నా జుట్టు చూసి నవ్వి పంపించేశారు. ఆపితే బాగుండేది."

తర్వాత షర్లీ లేచింది. ఇంగ్లీషులోనే మాట్లాడింది. చేతిలో కాగితం ఏమీ లేదు.

"హన్నా నా కూతురు. ఆ రోజు రుచి బాలేదని అది నా దగ్గరికి కూడా వచ్చింది. నేనూ ఆ కప్పులోంచి ఒక గుక్క తాగి చూశాను. బాగానే ఉంది, ఆంటీ పోశారుగా, తాగు అన్నాను. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు కూడా ఈ పొద్దున్నే చెప్పాను. మా ఇంట్లో ఎవరూ తాగరు. మా అమ్మావాళ్ళింట్లోనూ తాగరు. నాకు ఆ రుచి తెలియదు. తాగే అలవాటున్న ఇంట్లో అయితే మొదటి గుక్కలోనే పట్టేసేవాళ్ళు. ఇందాక జాగ్రత్తగల కుటుంబాలు అన్నారు. ఆ రోజు చర్చి హాల్లో ఉన్నవాళ్ళందరం అలాంటి కుటుంబాలవాళ్ళమే. అందుకే మాకు తెలియలేదు."

లాయర్ తల వంచుకుని ఏదో రాసుకున్నాడు. మళ్ళీ మాట్లాడే అవకాశం ఇచ్చినా వద్దన్నాడు.

బయట కారిడార్‌లో బెంచీ మీద ఆంటీ కూర్చుని ఉన్నారు. షర్లీ వెళ్ళి పక్కన కూర్చుంది. నేనూ ప్రశాంతీ కొంచెం దూరంలో నిలబడిపోయాం.

"సారీ ఆంటీ. అంతా మీ మీదికి తోసేశాను."

"నువ్వు చెప్పకపోయినా నేనేమీ అనుకునేదాన్ని కాదమ్మా."

"తెలుసు ఆంటీ. అందుకే ఇంట్లో ఉండలేకపోయాను."

ఆంటీ ఆ అమ్మాయి తల తన భుజం మీదికి తీసుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు. ప్రశాంతి నా చెయ్యి పట్టుకుని, "నేను అన్న మాట మనసులో పెట్టుకోకక్కా," అంది. ఎప్పుడో మర్చిపోయానన్నాను. మర్చిపోలేదు గానీ, ఆ అమ్మాయి అడిగిన దాంట్లో తప్పేమీ లేదు.

ఇన్నేళ్ళూ నేను లేబుల్‌ను తాగేవాళ్ళ కళ్ళతోనే చూశాను. ఎంత శాతం, ఎక్కడ తయారైంది, ఎంత పరిమాణం అనేది కొనుక్కునేవాడికి తెలియాలి అనుకునేదాన్ని. ఆ వాసనైనా తెలియని ఇంటికి ఆ డబ్బా వెళ్తుందని ఎప్పుడూ ఊహించలేదు. నేనే అలాంటి ఇంటినుంచి వచ్చినదాన్నై ఉండి కూడా ఊహించలేదు. ఇప్పుడు కొత్తగా చేరిన ఎగ్జామినర్లకు నేర్పేటప్పుడు డబ్బాను ముందు నీళ్ళ సీసాల మధ్య, జ్యూసుల మధ్య పెట్టి చూపిస్తాను. తర్వాత కప్పులో పోసి, డబ్బా దాచేసి, ఇప్పుడు ఈ కప్పు అందుకున్న మనిషికి ఏం తెలుసు అని అడుగుతాను. ఎవరూ వెంటనే చెప్పలేరు.

ఎక్స్‌టెన్షన్ విషయంలో వాళ్ళు భయపడినట్టు ఏమీ కాలేదు, ఆంటీ ఉండిపోయారు. డిసెంబర్‌లో ప్రశాంతికి పాప పుట్టింది. రూల్ కూడా ఆ చలికాలంలోనే వచ్చింది, సగమే వచ్చింది. కూల్‌డ్రింకుల పక్కన పెట్టకూడదు, బోర్డు పెట్టాలి అన్నవి ఖాయమయ్యాయి. డబ్బా ముందు పెద్ద అక్షరాలు ఉండాలన్న భాగాన్ని ఇంకా పరిశీలించాలని పక్కన పెట్టారు. నాకు నిరాశగానే ఉంది. అయినా ఆంటీకి నా నోటితో చెప్పాలని వెళ్ళాను.

ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని, మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తున్నారు. హీటర్ వేసిన గదిలో కొబ్బరినూనె వాసన. నేను చెప్పిందంతా విన్నారు. పాప చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా వేసి, విప్పి, మళ్ళీ వేశారు.

"మంచిదేనమ్మా. ఇది ముందే పెట్టలేకపోయారా?"

"ముందే పెట్టాలంటే సాక్ష్యం కావాలంటారు ఆంటీ. ఎవరో ఒకరు పొరబడ్డారని చూపించాలి."

ఆవిడ నూనె చెయ్యి ఆగిపోయింది. పాప వైపే చూస్తూ నెమ్మదిగా అన్నారు.

"అంటే సాక్ష్యం హన్నాయేనా?"

అవునన్నాను. ఆవిడ పాపను ఎత్తి గుండెలకు హత్తుకుని కూర్చున్నారు.